గడియారం దగ్గర తెల్లపొగ

ఇందులో ప్రతి మాటా నిజం. పొద్దున్నే అంగడి తెరిచి, ఊదుబత్తి వెలిగించి, గల్లాపెట్టె మీద కుడిచెయ్యి పెట్టి మరీ చెబుతున్నాను. మా వ్యాపారస్తులు దేవుడి మీదైనా అబద్ధపు ఒట్టు వేస్తారేమో గానీ గల్లాపెట్టె మీద వెయ్యరు. ఒక్క ముక్క కల్పించినా నా అంగట్లో మోటార్లన్నీ తుప్పు పట్టిపోవాలి.

ఇంత గట్టి ఒట్టు ఎందుకంటే, అనంతపురంలో నా మాటకున్న పేరు అలాంటిది. నాది బోరుమోటార్ల సామాన్ల అంగడి. పైపులకీ, కేబుళ్లకీ పల్లెల నుంచి వచ్చే రైతులు సామాను కట్టేలోపు ఒక కథ విని పోతారు. "శెట్టీ, వాషర్లు తర్వాత ఇద్దువులే, ముందు కత సెప్పు" అని స్టూలు లాక్కుని కూర్చునేవాళ్లు కూడా ఉన్నారు. ఆ కథల్లో సగం నా కారు మీదే.

ఆ కారుకు రెండే సీట్లు. పైన గుడ్డ కప్పు. తలుపు మోకాలి ఎత్తు, ఎక్కడం అనేది లేదు, దిగి కూర్చోవడమే. ఇంగ్లండులో తయారైన ఎర్ర స్పోర్ట్స్ కారు, నాకంటే వయసులో పెద్దది. మూతబడిన ఒక వేరుశెనగ నూనెమిల్లు షెడ్డులో చెనిక్కాయ పొట్టు కింద పూడుకుపోయి ఉంటే, నేనూ, నా చిన్ననాటి స్నేహితుడైన మెకానిక్ భాయ్ పారలు పట్టి తవ్వి తీశాం. ఇది కూడా కథే అనుకుంటారు జనం. కాదు, నిజంగా తవ్వాం. ఒక రాజావారు పేకాటలో ఓడిపోతే మా తాతకు దక్కిందని నేను కళ్యాణదుర్గం రైతులకు చెప్పింది మాత్రం కథ. గుత్తి వాళ్లకు ఇంకోటి చెప్పాను, అది ఇప్పుడు నాకే గుర్తు లేదు.

కారును నడిచేలా చేయడానికి మాకు రెండేళ్లు పట్టింది. ఆ తర్వాత ఊరంతా దాన్ని చూసింది, మా ఆవిడ తప్ప. చూడలేదని కాదు, ఎక్కలేదని. మొదటిరోజు బ్రేకు పడక అది పక్కింటి వరిగడ్డి వామిలోకి దూరినప్పుడు గుమ్మంలో నిలబడి చూసింది. అప్పుడే తేల్చి చెప్పింది.

"నేను ఈ డబ్బాలో ఎక్కితే, ఎక్కినందుకు ఏదన్నా సూడాల. ఊరికే అంగడి సందులో తిరగనీకి నేను రాను పో."

అనంతపురంలో చూడ్డానికి ఏముంది? నాకూ తోచలేదు. ఎన్నిసార్లు బతిమాలినా ఆ సంగతి అక్కడే ఆగిపోయింది.

రెండేళ్లు గడిచాక, ఆ ఏడాది వానలు పడ్డాయి. మా దగ్గర వాన పడటమే ఒక వార్త. ఆ ఏడు పడిన వాన అయితే వార్త కూడా కాదు, పుకారులా ఉండింది. మా ఊరి పక్కనే ఉన్న బుక్కరాయసముద్రం చెరువు నిండింది. నిండి, పొర్లి, మరవ పారింది. మిగులు నీళ్లు పోవడానికి కట్టకు ఒక చివర రాతితో కట్టిన అలుగు ఉంటుంది, మా వైపు అదే మరవ. దాని మీంచి నీళ్లు దూకుతుంటే చూడ్డానికి జిల్లా అంతా కదిలిపోతుంది. బొరుగులు, మిరపకాయ బజ్జీల బండ్లు వెలుస్తాయి. ముసలివాళ్లను కూడా ఎత్తుకొచ్చి ఆ నీళ్లలో కాళ్లు తడిపి తీసుకుపోతారు. మళ్లీ ఎప్పుడు పారుతుందో ఎవరికీ తెలియదు. నీళ్లు ఎన్నాళ్లు పారతాయో కూడా తెలియదు. వాన ఆగితే వారమో, ఇంకాస్తో.

మా ఆవిడది బెళుగుప్ప వైపు ఒక పల్లె. వాళ్ల ఊరికీ చెరువుంది. "మా చెరువులో నేను చెనిక్కాయ పెరికినా గానీ నీళ్లు సూడలే" అంటుండేది. ఏ చెరువైనా నిండగా పొర్లడం ఆమె పుట్టి చూడలేదు. ఆ సాయంత్రం నేను అన్నం తింటుంటే చారు పోస్తూ, వేరే మాటేదో చెబుతున్నట్టు అంది.

"మరవ పారతాండాదంట. మీ కార్లో పోదామా?"

రెండేళ్లుగా బతిమాలుతున్నవాణ్ణి. చారు అన్నంలో కాకుండా పక్కన కారిపోతున్నా చూసుకోలేదు.

అయితే కారులో బ్రేకు ఆయిల్ నిలవడం లేదు.

ఇది కొత్త జబ్బు కాదు. చాలా నెలలుగా ఉన్నదే. బానెట్ ఎత్తితే మాస్టర్ సిలిండర్ మీద చిన్న డబ్బా ఉంటుంది. అందులో ఆయిల్ గీత దాకా పోస్తాను. నాలుగు రోజులు తిరిగితే వేలెడు తగ్గుతుంది. పెడల్ మెత్తబడి కిందికి జారుతుంది. భాయ్‌కి చెబితే ఎప్పుడూ ఒకటే మాట.

"పోసెయ్యన్నా. భూమి తాగింటాది."

మా సీమలో ఏది తగ్గినా మొదట నోటికొచ్చే మాట అదే. బోరులో నీళ్లు తగ్గితే ఇంకో పైపు దించుతాం. మళ్లీ తగ్గితే ఇంకోటి. ఎక్కడికి పోయాయని ఎవరూ అడగరు, భూమి తాగింది అంతే. ఆ అలవాటు మీదే పైపులమ్మి నేను ఇల్లు గడుపుకున్నాను. కారు నిలిపేది మా ఇంటి ముందు మట్టినేల మీద. రోజూ తెల్లారకముందే మా ఆవిడ కసువు ఊడ్చి నీళ్లు చల్లుతుంది. కింద చుక్క పడినా, పడకపోయినా తెలిసే దారి లేదు. కనుక నేనూ పోస్తూ వచ్చాను. భూమి తాగుతూ వచ్చింది.

మరవ చూడ్డానికి పోవాలని, మా ఆవిడ కూడా వస్తుందని చెప్పగానే భాయ్ ముఖం మారింది.

"నువ్వొక్కనివే అయితే పోసి పంపిస్తానన్నా, పోతే పోతావు. వదిన కూసుంటాదంటే అట్ల కాదు. కట్ట మీద ఒకపక్క నీళ్లు, ఇంగోపక్క గుంత. ఆడ పెడల్ దిగిపోతే ఏం జేస్తావు, కత సెప్తావా?"

మొదట కింద కారుతోందో లేదో తేల్చాలన్నాడు. అంగడి నుంచి తెల్లకాగితాలు తెచ్చి కారు కింద పరిచాం. "రేపు ఈడ నీళ్లు సల్లొద్దు" అని మా ఆవిడకు చెప్పాను. పెళ్లయినప్పటి నుంచి ఆమె తప్పని పని అది. తెల్లారి చూస్తే కారు చుట్టూ తడి, కారు కింద మాత్రం పొడి. ఆ పొడి చుట్టూ ముగ్గు. కారుకు హారతి ఇవ్వడం ఒకటే తక్కువ. కాగితాల మీద బల్లి వేసిన రెట్ట ఒకటి ఉంది. ఆయిల్ మరక ఒక్కటీ లేదు.

"సూసినావా, భూమి పాపం ఏం తాగలే. ఊరికే దాని పేరు సెడగొట్టినాం" అన్నాడు భాయ్.

తర్వాత నాలుగు చక్రాలూ విప్పాడు. చక్రం లోపల ఉండే సిలిండర్లలో సీలు పోతే ఆయిల్ అక్కడే కారి, బ్రేకు పట్టీలు తడుస్తాయి. అన్నీ విప్పితే వచ్చింది ఎర్రదుమ్ము. పిడికెడు పిడికెడు రాలింది. తడి లేదు. పెడల్ దగ్గర కాళ్ల కింద పరిచిన చాపలో చేయిపెట్టి తడిమి చూశాడు. పొడి. మాస్టర్ సిలిండర్ కింద రంగు చూశాడు. బ్రేకు ఆయిల్ పడితే ఎంత మంచి రంగైనా పొక్కి లేస్తుంది. అక్కడ రంగు నున్నగా, నా పెళ్లి ఫోటోలో నా బుగ్గల్లాగా ఉంది.

"అయితే హోస్ పైపులే" అన్నాడు. "రబ్బరు లోపల పగిలి, తొక్కినప్పుడే ఉబ్బి రవ్వంత రవ్వంత వదుల్తాండాది."

తొక్కించి చూస్తే ఏ పైపూ వదలలేదు. కానీ వేరే ఏమీ తోచక వాటినే నమ్మాం. పైపులు బెంగళూరు నుంచి రావాలి. వచ్చేదాకా ఆగాలి.

ఆ ఆగిన రోజుల్లో మరవ కబుర్లు అంగడికి రోజూ వచ్చేవి. మోకాలి లోతు పారుతోందట. చేపలు ఎగిరి కట్ట మీద పడుతున్నాయట. ఆ కబుర్లు చెప్పేవాళ్లు నాకంటే పెద్ద కథకులయ్యారు. నేను వింటూ పైపులు కొలిచేవాణ్ణి. పక్కింటామె పిల్లా జెల్లాతో ఆటో మాట్లాడుకుని మా గుమ్మం ముందు ఆగింది.

"రా అక్కా, ఒక సీటు ఉండాది. మా ఆయన ముందర కూసుంటాడులే."

"మీరు పోయి రాండి. మా ఇంటాయన కార్లో తీసుకపోతాడు" అంది మా ఆవిడ. అనేటప్పుడు ఆమె గొంతులో కాస్త గొప్ప ఉంది. నా కారు పేరు చెప్పి ఆమె గొప్పపడటం నేను ఎప్పుడూ వినలేదు. ఆటో పోయాక అన్నాను.

"మే, ఆటోలో పోయొచ్చుండచ్చు గదా. మళ్లా కార్లో పోతాం."

"మొదటిసారి సూసేది ఒక్కసారే గదయ్యా" అని లోపలికి వెళ్లింది.

ఆ రోజుల్లోనే జరిగిన ఒక సంగతి చెప్పాలి. దీన్ని ఎవరూ నమ్మరు, నమ్మకపోయినా ఫర్వాలేదు. మా అంగడికి ఒక పెద్దాయన వస్తాడు. పొలాల్లో నీళ్లు చూసేవాడు. అరచేతిలో టెంకాయ అడ్డంగా పెట్టుకుని పొలమంతా నడుస్తాడు. నీళ్లున్న చోట ఆ టెంకాయ లేచి నిలబడుతుంది. అక్కడ బోరు వేస్తారు. కొన్ని పడతాయి, కొన్ని పడవు. పడనివాటికి నేను పైపులు వాపసు తీసుకోను. కారు గొడవ విని ఆయన మా ఇంటికి వచ్చాడు. పూజగూట్లో నుంచి మా ఆవిడ ఒక టెంకాయ తెచ్చిచ్చింది. చెప్పులు విడిచి, కళ్లు సగం మూసుకుని కారు చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. చక్రాల దగ్గర ఏమీ కాలేదు. వెనక ఏమీ కాలేదు. ముందుకు వచ్చి, ఇంజన్‌కు ఎడమపక్కన బానెట్ దగ్గర ఆగాడు. టెంకాయ మెల్లగా లేచి నిలబడింది.

"ఎంత లోతు బోరెయ్యాల తాతా?" అన్నాడు భాయ్.

"నవ్వుకోండప్పా. ఈడ తడి ఉండాది."

నవ్వాం. కడుపుబ్బ నవ్వి, ఆ టెంకాయ కొట్టి బెల్లంతో తిన్నాం.

పైపులు వచ్చాయి. భాయ్ బిగించాడు. కొత్త పైపు వేస్తే లోపల చేరిన గాలి తీయాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కుతుంటే, ఇంకొకరు చక్రం దగ్గర మర వదిలి, గాలి బుడగలు పోయేదాకా ఆయిల్ కార్చాలి. నాకు నడుము నొప్పి. భాయ్ చక్రం దగ్గర. అటూ ఇటూ చూసి మా ఆవిడనే పిలిచాం. చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, కారులోకి దిగి కూర్చుంది. ఆమె ఆ కారులో కూర్చోవడం అదే మొదలు. మరవ చూడ్డానికి కాదు, గాలి తీయడానికి.

"తొక్కు వదినా."

"తొక్కినా."

"పట్టుకో... పట్టుకో... వదులు."

అలా చాలాసేపు. పెడల్ తొక్కుతూ తొక్కుతూ స్టీరింగు మీద చెయ్యి వేసి చూసుకుంది. నాకు ముచ్చటేసింది. ఆమెను నవ్విద్దామని నా పాత కథ ఎత్తుకున్నాను. ఈ కారు కథల్లో నాకు అన్నిటికంటే పేరు తెచ్చింది అదే. మా కారు ఊరి నడిమధ్య ఉన్న టవర్ క్లాక్ దగ్గరికి రాగానే వెనక గొట్టం నుంచి గుప్పున తెల్లపొగ వదులుతుంది. ఎందుకని జనం అడిగితే చెప్పేవాణ్ణి: ఇది లండన్ కారప్పా. అక్కడా ఇట్లాంటి పెద్ద గడియారం ఉందంట. గడియారం కనబడగానే దీనికి పుట్టినూరు గుర్తొస్తుంది. దిగులుతో ఒక చుట్ట ముట్టిస్తుంది. ఈ కథ విడపనకల్లు దాకా పోయింది. కారు చుట్ట తాగడం చూడ్డానికే టవర్ క్లాక్ దగ్గర నిలబడినవాళ్లున్నారు.

మా ఆవిడ పెడల్ తొక్కిపట్టి వింది. నవ్వలేదు.

"అది సరే, ఆ గడియారం కాడ్నే ఏమిటికి తాగుతాది? బళ్లారి రోడ్డులో అంత దూరం పోతావు, ఆడ ఒక్కసారన్నా తాగిందా?"

"ఆడ గడియారం యాడుండాది?"

"గడియారం ల్యాకపోతే పోనీ. ఆడ నువ్వు బ్రేకన్నా తొక్కుతావా?"

భాయ్ చేతిలోని స్పానర్ కింద పడింది. నా ముఖం చూశాడు. నేను అతని ముఖం చూశాను. టవర్ క్లాక్ దగ్గర నాలుగు దిక్కుల నుంచీ ఆటోలు. అడుగడుగునా బ్రేకు. ఖాళీ రోడ్డులో బ్రేకు లేదు, పొగా లేదు.

ఇంజన్‌కు ఎడమపక్కన బూస్టర్ అని ఒక డబ్బా ఉంటుంది. ఇంజన్ గాలి పీల్చుకునే బలాన్ని ఒక గొట్టం ద్వారా తెచ్చుకుని, మన కాలి బలానికి తోడు చేస్తుంది. భాయ్ ఆ గొట్టం పీకి వేలు పెట్టాడు. వేలు తడిగా వచ్చింది. వాసన చూశాడు. బ్రేకు ఆయిల్. బూస్టర్ లోపలి సీలు అరిగిపోయింది. తొక్కినప్పుడల్లా ఆయిల్ డబ్బాలోకి దిగుతోంది. ఇంజన్ దాన్ని గొట్టంలోంచి పీల్చి, కాల్చి, తెల్లపొగ చేసి ఊరంతా చూస్తుండగా వెనక నుంచి వదులుతోంది. భూమి మీద చుక్క పడేదెక్కడ?

గొట్టం మూసి, టవర్ క్లాక్ దాకా పోయి వచ్చాం. పది చోట్ల బ్రేకు తొక్కాను. పెడల్ రాయిలా గట్టిగా ఉంది గానీ బండి ఆగింది. పొగ రాలేదు. గడియారం చూసినా దానికి లండన్ గుర్తు రాలేదు. నాకే ఏదోలా అయింది.

"తెల్లపొగ నేనూ సూసినా గదన్నా, ఎన్నిసార్లో" అన్నాడు భాయ్ తిరిగి వస్తూ. "ఇంజనాయిల్ కాలితే నీలిపొగ, ఇదేంది తెల్లగుండాదని ఒకసారి అడుగుదామనుకున్యా. నువ్వు కత మొదలుపెట్టినావు. బాగుండాదని వింటా ఉండిపోయినా."

ఆ కథ విన్నవాళ్లందరిలో దాన్ని గట్టిగా నమ్మింది నేనే. జబ్బు ఎక్కడుందో రోజూ ఊరందరికీ చెప్పుకున్నాను. చెప్పి, నవ్వించి, చప్పట్లు కొట్టించుకుని, ఇంటికొచ్చి డబ్బాలో ఆయిల్ పోసుకున్నాను.

బూస్టర్‌కు సీళ్లు ఇక్కడ దొరకవు. దాన్ని పక్కకు తప్పించి, మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాలకు నేరుగా పైపు కలపమన్నాను. కాలు గట్టిగా తొక్కాలి, అంతే. భాయ్ ఇత్తడి జాయింటు ఒకటి లేత్ మిషన్ మీద చేయించి కలిపాడు. మళ్లీ గాలి తీశాం. మళ్లీ ఆమే తొక్కింది. ఆయిల్ గీత దగ్గరే నిలిచింది. తెల్లారి చూసినా అక్కడే.

పొద్దున్నే బయలుదేరాం. ఆమె నెమలికంఠం రంగు పట్టుచీర కట్టింది, పెళ్లికి పోతున్నట్టు. గుడ్డకప్పు తీసేశాను. గాలికి తలలో కనకాంబరాలు ఎగిరిపోతాయని ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని కూర్చుంది. కట్ట మీద మెల్లగా పోనిచ్చాను. మరవ దగ్గర జనం పల్చబడ్డారు. నీళ్లు తగ్గాయి గానీ, రాళ్ల మీద ఇంకా పల్చగా, అద్దంలా పారుతున్నాయి. చీలమండ దాకా ఉంటాయి. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దిగింది. అటు చూసింది, ఇటు చూసింది. వంగి దోసెడు నీళ్లు పట్టి నా నెత్తిన చల్లి, "ఇంగ సాలు, సూసినా" అని నవ్వింది.

ఇప్పుడు గల్లాపెట్టె మీద నుంచి చెయ్యి తీస్తున్నాను.

టెంకాయ సంగతి మీరు నమ్మి ఉండరు. అది నిజం. ఎడమపక్కనే లేచింది, ఎందుకో నాకూ తెలియదు. పొగ నిజం, చుట్ట కథ నేను చెప్పడం నిజం. పట్టుచీర, కనకాంబరాలు నిజం.

నీళ్లు నిజం కాదు.

మేము పోయేసరికి మరవ ఆగిపోయింది. రాళ్ల మీద పాచి, సందుల్లో కాస్త బురద, చిరిగిన ప్లాస్టిక్ కవర్లు. బజ్జీల బండివాడు ఒక్కడే మిగిలి పొయ్యి కడుక్కుంటున్నాడు. "మొన్నే నిలిచిపోయినాదక్కా. ఇంగ రెండు దినాలు ముందర రావల్సింది" అన్నాడు. ఆమె చెప్పులు విడిచి రాళ్ల మీదికి దిగింది. వంగి, నీళ్లు పారిన చోట అరచెయ్యి ఆనించింది.

"ఇంగా సల్లగుండాదిలే" అంది.

వచ్చేటప్పుడు రైల్వే గేటు దగ్గర గట్టిగా తొక్కాను. కారు టక్కున నిలబడింది. "బాగా నిలబడతాండాది" అంది ఆమె. ఎత్తిపొడుపేమో అని చూశాను. కాదు, నిజంగానే మెచ్చుకుంది. దానికంటే ఎత్తిపొడుపే నయం అనిపించింది.

ఇంటి దగ్గర దిగుతుంటే పక్కింటామె అడిగింది. "ఏమక్కా, నీళ్లుండాయా ఇంగా?"

నేను నోరు తెరిచాను. కథ ఒక్కటీ రాలేదు.

"పారతాండాది" అంది మా ఆవిడ, చెదిరిన పూలు సర్దుకుంటూ. "పల్చగ, అద్దం మాదిరి. చీలమండ దాకా ఉండాయి. కాళ్లు తడుపుకొని వచ్చినాం."

ఆమె అబద్ధం ఆడగా నేను విన్నది అదొక్కటే. చేయి తిరిగిన కథకురాలిలా ఎంత బాగా చెప్పిందో. ఆ మాటలే నేను ఇందాక ఎత్తి చెప్పాను. అద్దంలా పారిన ఆ నీళ్లు ఆమెవి. నా నెత్తిన చల్లిన దోసెడు మాత్రం నేను కలిపాను.